మా అత్తమ్మ దగ్గుపెట్టె

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా ఆవిడ నవ్వుతుంది. "నీకెన్నేండ్లున్నయని ఆ రోజులు, ఈ రోజులు అంటున్నవ్?" అంటుంది. నిజమే, నేను చెప్పబోయేది రాజుల కాలం నాటి సంగతేం కాదు. చందనవెల్లిలో డేటా సెంటర్లు అప్పుడప్పుడే లేస్తున్నాయి. వాటిలో ఒకదాంట్లో, కరెంటు విభాగంలో, నాకు మొదటి ఉద్యోగం దొరికింది. ఫోటో ఉన్న కార్డొకటి ఇచ్చారు. దాన్ని మెడలోంచి తీయకుండానే ఇంట్లో అన్నం తినేవాణ్ని. (పప్పు పడి ఒకసారి నా మొహం పచ్చబడింది, కార్డులో.) అంత దగ్గరి కాలమే. అయితే మనిషికి తనకు అన్నీ తెలుసనిపించే కాలం ఒకటి ఉంటుంది. అది నిన్నగాక మొన్న గడిచినా సరే, దాన్ని ఆ రోజులనే అనాలని నా ఉద్దేశం. ఇప్పుడు నాకేది తెలుసని అడిగితే నాలుగు సార్లు ఆలోచించి, ఆ తర్వాత కూడా తెలియదనే చెబుతాను.

మా మేనత్తను ఊళ్లో అందరూ నర్సమ్మ అంటారు. మా నాన్నకు, అంటే బాపుకు, అక్క. చేవెళ్ల సర్కారు దవాఖానలో పెద్ద నర్సుగా చేసి రిటైరైంది. ఆమె సూది వేస్తే నొప్పి తెలిసేది కాదని, మాట అంటే మాత్రం వాపు తగ్గడానికి వారం పట్టేదని చుట్టుపక్కల పేరు. కానీ ఆమెకు నిజంగా పేరు తెచ్చింది గిటారు. మొయినాబాద్ దాటాక చేవెళ్ల దారిలో ఉన్న మా చిన్న చర్చిలో, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి, ముందు వరుసలో తెల్లచీర కట్టుకుని, కళ్లద్దాలు ముక్కు చివరికి జారవిడిచి, ఎలక్ట్రిక్ గిటారు వాయించే మనిషి మా అత్తమ్మే. అన్ని చర్చిల్లోనూ ఇలాగే ఒక అత్తమ్మ ఉంటుందని నేను చాలాకాలం అనుకున్నాను. పై చదువుకు సిటీకి పోయి, అక్కడి చర్చిల్లో గిటారు పట్టిన కుర్రాళ్లను చూశాక గానీ మా అత్తమ్మ ఎంత అరుదైన మనిషో తెలిసిరాలేదు.

ఆ గిటారుకు తోడుగా ఒక వాల్వు ఆంప్లిఫయర్ ఉండేది. లోపల చిప్పులూ గిప్పులూ ఉండవు. చిన్న బల్బుల్లాంటి గాజు వాల్వులు ఉంటాయి. స్విచ్చి వేస్తే అవి మెల్లగా ఎర్రబడి, వేడెక్కి, ఆ తర్వాతే నోరు విప్పుతాయి. అత్తమ్మ సికింద్రాబాద్‌లో నర్సు ట్రైనింగ్ చేస్తున్నప్పుడు హాస్టలు పక్కనే ఒక ముసలి బ్యాండు మాస్టారు ఉండేవాడట. ఆమెకు గిటారు నేర్పింది ఆయనే. బ్యాండు విడిపోయి ఆయన ఊరు విడిచి వెళ్లేటప్పుడు గిటారునూ ఈ ఆంప్లిఫయర్‌నూ ఈమె చేతిలో పెట్టాడు. అంత బరువున్న పెట్టెను ఆమె బస్సులో తెచ్చింది. కండక్టరు ఊరుకుంటాడా? "ఏం పెట్టెనమ్మ ఇది? పైన ఎయ్యి" అన్నాడట. అత్తమ్మ నర్సు బట్టల్లోనే ఉంది. "దవాఖాన సామాను. దీంట్ల మనిషి పానం ఉన్నది. పైలం" అన్నదట. కండక్టరు ఇద్దరు ప్రయాణికులను లేపి పెట్టెకు సీటిచ్చాడు. ఊళ్లో బస్సు దిగేసరికి చిన్నపిల్లాడైన మా బాపు సైకిల్‌తో ఎదురొచ్చి, దాన్ని వెనక క్యారియర్‌కు తాళ్లతో కట్టి, ఇంటిదాకా సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. దారి పొడుగునా "ఆడపిల్లకు గిటారేంది" అన్నవాళ్లందరికీ బాపు బెల్లు కొట్టి సమాధానం చెప్పాడని అత్తమ్మ ఇప్పటికీ మురిపెంగా చెబుతుంది.

ఆ పెట్టె గొంతు ఎట్లా ఉండేదో చెప్పడం కష్టం. మెత్తగా, గుండ్రంగా, కాస్త వెచ్చగా ఉండేది. చలికాలం పొద్దున చర్చి బయట వరండాలో నిలబడినా ఆ శబ్దం వింటే చలి తగ్గినట్టనిపించేది. కాకపోతే దానికి దగ్గుండేది. నాకు గుర్తున్నంతవరకూ ఎప్పుడూ ఉంది. వాల్వులు బాగా కాగిన తర్వాత, బరువైన కింది స్వరం పడిందంటే చాలు, "ఖర్ర్ర్... ఫట్... ఫట్" అనేది. అందుకే చర్చి సంఘమంతా దానికి దగ్గుపెట్టె అని పేరు పెట్టింది.

ఇక్కడే మా సంఘం గొప్పతనం చెప్పాలి. కోతపండుగ నాడు మేం పాడే కీర్తన ఒకటుంది. రెండో చరణం మొదటి పాదం చివర సరిగ్గా ఆ బరువైన స్వరం వస్తుంది. అక్కడ పెట్టె దగ్గేది. అత్తమ్మ తీగల మీద అరచెయ్యి వేసి, దగ్గు ఆగేదాకా ఓపికగా ఉండేది. రోగి దగ్గుతుంటే మధ్యలో మాట్లాడించకూడదని ఆమె పద్ధతి. ఆమె ఆగింది కాబట్టి పాడేవాళ్లూ ఆగేవాళ్లు. చివరి "ఫట్" పడగానే అందరూ ఒక్క గొంతుతో తర్వాతి పాదం ఎత్తుకునేవాళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ దగ్గు మా పాటలో భాగమైపోయింది. కొత్తగా బదిలీ మీద వచ్చిన పాస్టరు అయ్యగారు మొదటి ఏడు తెలియక ఆగకుండా మైకులో పాడుకుంటూ పోయి, చర్చి మొత్తం మీద ఒక్కడే మిగిలిపోయి, తనకు తాళం తెలియదేమోనని బాధపడ్డాడు. మా ఊరి నుంచి పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలు అత్తగారి ఊరి చర్చిలో సరిగ్గా అక్కడే నోరు మూసుకుని నిలబడి, "మీ కోడలికి రెండో చరణం రాదా ఏంది?" అనిపించుకున్నారు.

పాటలో దగ్గితే ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ నేను ఉద్యోగంలో చేరిన ఏడు దాని జబ్బు ముదిరింది. గిటారు తీగ మీటినా మీటకపోయినా దగ్గడం మొదలుపెట్టింది. ప్రసంగం మధ్యలో దగ్గింది. మౌన ప్రార్థనలో దగ్గింది. చివరికి ఒక పెళ్లిలో, అయ్యగారు పెళ్లికూతుర్ని "ఈ మనుష్యుని భర్తగా అంగీకరిస్తున్నావా?" అని అడిగి ఆగగానే, ఆ అమ్మాయి నోరు తెరిచేలోపు పెట్టె "ఖర్ర్... ఫట్" అన్నది. పెళ్లికొడుకు తరఫువాళ్ల మొహాలు చూడాలి. అమ్మాయి గట్టిగా "అవును" అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మా బాపు అప్పుడు సంఘం సెక్రటరీ. నిక్కచ్చి మనిషి. అంతకుముందే ఆయన మోకిలలో ఎవరిదో కొత్త విల్లా గృహప్రవేశ ప్రార్థనకు వెళ్లి, అక్కడ ఒకాయన కీబోర్డు మీద ఒక్క వేలితో డోలు, వేణువు, వయొలిన్ అన్నీ పలికించడం చూసొచ్చాడు. అప్పటి నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు. దానికి తోడు చిన్న మంగళారంలో తోట కొనుక్కుని శని, ఆదివారాలు వచ్చిపోయే సిటీ పెద్దమనిషి ఒకాయన (మేం ఫాంహౌస్ సారు అనేవాళ్లం) ఆ పెళ్లికి వచ్చి, పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇలాంటి పాత పీసులు ఇప్పుడు దొరకవు సెక్రటరీ గారూ. మా వరండాలో పెట్టి, పైన మనీప్లాంటు పెడితే ఎంత బాగుంటుంది!" అన్నాడు. బాపుకు ఇంకేం కావాలి? మా చర్చిలో కోతపండుగ నాడు ఎవరి పొలంలో పండింది వాళ్లు తెచ్చి ముందర పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. గుమ్మడికాయలు, కోళ్లు, క్యారెట్ కట్టలు, వడ్ల సంచులు, అన్నీ. ఆ వేలంలో దగ్గుపెట్టెను కూడా పెట్టేద్దామని, కీబోర్డు తెచ్చుకుందామని బాపు కమిటీలో చెప్పాడు.

అత్తమ్మ అరవలేదు, ఏడవలేదు. కళ్లద్దాలు పైకి జరుపుకుని, "తమ్మీ, దగ్గు వచ్చినోళ్లందర్ని అమ్ముకుంటరా మీరు? అది పోతే నేను గిటారు ముట్ట. ఇగ మీ ఇష్టం" అన్నది. ఆమె మాటంటే మాటే. దవాఖానలో ఎంతెంత పెద్ద డాక్టర్లు కూడా ఆమెతో పందెం కాసేవాళ్లు కాదు. అత్తమ్మ గిటారు లేని చర్చిని నేను ఊహించుకోలేకపోయాను. మెడలో కార్డు తడుముకుని, లేచి నిలబడి, "నేను బాగు చేస్త. పండుగనాటికి దగ్గు బంద్ చేయిస్త" అనేశాను. కమిటీ అంతా నా వైపు చూసింది. బాపు, "కోతపండుగ నాడు పాటలో ఒక్కసారి దగ్గినా వేలమే. మళ్లీ నన్ను అనొద్దు" అన్నాడు. అత్తమ్మ కూడా తలూపింది.

నాకు వాల్వు ఆంప్లిఫయర్ గురించి ఏం తెలుసు? డేటా సెంటర్లో నా పని మీటర్లు చూడడం, గదులు చల్లగా ఉన్నాయో లేదో చూడడం. అక్కడ ఏదైనా పాడైతే దాన్ని పీకేసి కొత్తది పెడతారు, ఎందుకు పాడైందని ఎవరూ దాన్ని పలకరించరు. అయినా నేను వెనక్కి తగ్గలేదు. ముందు గిటారు వైరు మార్చాను. దగ్గింది. పూర్తిగా వైరు పీకేసినా దగ్గింది. చర్చి వైరింగుది తప్పన్నాను. ప్లగ్గు మార్చాను. దగ్గింది. ఆ తర్వాత గోడ అవతలి పొలంలో బోరు మోటారు వల్ల కరెంటు చెడిపోతోందని ప్రకటించి, ఆ పొలం ఆసామిని బతిమాలి మోటారు ఆపించాను. ఆయన పాపం క్యారెట్ మడులకు నీళ్లు కట్టుకుంటున్నవాడు పార భుజాన వేసుకుని, చర్చి కిటికీలోంచి తొంగి చూస్తూ నిలబడ్డాడు. పెట్టె ఇంకా గట్టిగా దగ్గింది. "మరి నా మోటారు ఏస్కోవాల్నా, వద్దా?" అని ఆయన అడిగిన ప్రశ్నకు నా ఇంజనీరింగ్ చదువంతటిలో జవాబు దొరకలేదు.

ఇక లాభం లేదని అత్తమ్మ కేసు తన చేతిలోకి తీసుకుంది. పెట్టెను ఆటోలో తన ఇంటికి చేర్పించి, ముందు గదిలో బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి పడుకోబెట్టింది. తన పాత దవాఖాన సంచి దించింది. "ఎప్పటిసంది ఉన్నదో ఇడ్సిపెట్టు. ఎప్పుడు వస్తది చెప్పు. లేవంగనే వస్తదా, కాగినంకనా?" అన్నది.

"కాగినంక."

"తడి దగ్గా, పొడి దగ్గా?"

"అత్తమ్మ, ఇది మనిషి కాదు."

"మనిషైతే అబద్ధం చెప్తడు బిడ్డా. బీడీ తాగి తాగలేదంటడు. ఇది చెప్పదు. ఎంత సులువు!"

ఆమె నిజంగానే స్టెతస్కోపు తీసి పెట్టె చెక్క మీద ఆనించి, కళ్లు మూసుకుంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె కళ్లు తెరవకుండానే, "నవ్వు, నవ్వు. నువ్వు పుట్టినప్పుడు గూడ గిట్లనే ఇన్న. అప్పుడు నువ్వు ఏడ్చినవ్" అన్నది. స్టెతస్కోపుతో ఏమీ తెలియలేదు. (ఆమె కూడా కాసేపటికి, "చెక్క మందమున్నది" అని ఒప్పుకుంది.) కానీ ఆ ప్రశ్నలున్నాయే, అవి మాత్రం అసలైన దారి చూపించాయి. అప్పటిదాకా నేను దగ్గును ఆపాలని చూశానే గానీ, అది ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు అని కూర్చుని చూడనేలేదు.

గుండీలు తిప్పుతుంటే గరగరమంటున్నాయి. అది వేరే జబ్బు, పైపైది. అత్తమ్మ సూది లేని సిరంజిలో స్పిరిట్ తీసి, పెట్టె చల్లగా ఉన్నప్పుడే, గుండీల సందుల్లో చుక్కలు వేసింది. వాల్వుల కాళ్లను స్పిరిట్ దూదితో ఒక్కొక్కటీ తుడిచింది. పసిపిల్లల చెవులు తుడిచినంత జాగ్రత్తగా తుడిచింది. అంతా ఆరాక గరగర పోయింది. దగ్గు పోలేదు. సౌండు గుండీని పూర్తిగా తగ్గించి చూశాం. దగ్గు వినబడలేదు. మెల్లగా పెంచాం, దగ్గు కూడా పెరిగింది. అప్పుడు నా చదువు కాస్త పనికొచ్చింది. "అత్తమ్మ, దగ్గు ఈ గుండీకి ముందర్నే పుడుతున్నది. ఎనక ఉన్న పెద్ద వాల్వులు మంచిగనే ఉన్నయి" అన్నాను. ఆమె చప్పట్లు కొట్టినంత పని చేసింది. "గంతే కదా! ఊపిరితిత్తులల్ల లేదు, గొంతుల ఉన్నది." మొదటి చిన్న వాల్వును తీసి, దాని పక్కనున్న జోడు వాల్వును ఆ స్థానంలో పెట్టి చూశాం. దగ్గు ఎక్కడిదక్కడే ఉంది. అంటే వాల్వుది తప్పు కాదు, అది కూర్చునే చోట ఏదో ఉంది.

ఇక లోపల చూడక తప్పదు. ఇది కొంచెం భయపడాల్సిన పనే. ఈ పాత పెట్టెల్లో కరెంటు మన గోడలో ఉన్నదానికంటే ఎక్కువ ఒత్తిడితో ఉంటుంది. ప్లగ్గు పీకినా కాసేపు లోపలే దాక్కుని ఉంటుంది. పైగా దగ్గు ఎక్కడుందో తెలియాలంటే ప్లగ్గు పెట్టి, వేడెక్కించి, ఎండిన చెక్క పుల్లతో ఒక్కొక్క అతుకునూ మెల్లగా తట్టి చూడాలి. అలా తట్టేటప్పుడు రెండో చెయ్యి ఎక్కడా ఆనకూడదు. జేబులో పెట్టుకోవాలని మా కంపెనీలో పెద్దవాళ్లు ఒకటికి పదిసార్లు చెప్పారు. అత్తమ్మ అంతా విని, "నీ చెయ్యి జేబుల ఉంటదా? ముక్కు మీద దోమ వాలితే?" అన్నది. నేను ఉంటుందన్నాను. ఆమె నమ్మలేదు. సంచిలోంచి కట్టుగుడ్డ తీసి, నా ఎడమచేతిని ఛాతీకి ఆనించి, చెయ్యి విరిగినవాళ్లకు కట్టినట్టు మెడలోంచి గట్టిగా కట్టేసింది. రబ్బరు చెప్పులు తొడిగించింది. కుడిచేతికి ఒక చెక్క పుల్ల ఇచ్చింది. దవాఖానలో నాలుక నొక్కి గొంతు చూసే పుల్ల అది. "గొంతు చూసుడే కదా" అన్నది.

పెట్టె వేడెక్కింది. అత్తమ్మ నాకు వీపు పెట్టి, కుర్చీలో గిటారు పట్టుకుని కూర్చుంది. "నేను చూస్తే నా చెవి సరిగ పని చెయ్యది" అన్నది. ఆమె బరువు తీగను మీటుతోంది, నేను పుల్లతో తడుతున్నాను. "కాదు... అది గాదు... ఆ పక్కకు పో... ఆ, అక్కడ ఏదో గొణుగుతున్నది." సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని మా బాపు వచ్చాడు. మధ్యాహ్నం వేళ, బల్ల మీద తెల్ల దుప్పటి, దాని మీద పేగులు బయటపడ్డ పెట్టె, మెడలో స్టెతస్కోపుతో గిటారు వాయిస్తున్న అక్క, చేతికి కట్టుతో కొడుకు.

"అయ్యో! చెయ్యి ఇరగ్గొట్టుకున్నవారా?"

"ఇరగకముందే కట్టిన. నువ్వు గమ్మున కూసో" అన్నది అత్తమ్మ, వెనక్కి తిరగకుండానే.

బాపు గోడ పక్కన కూర్చున్నాడు. ఆయన వచ్చింది పండుగనాడు పొద్దున్నే పెట్టెను పంపమని చెప్పడానికి. కానీ నా చేతిలోని పుల్ల ఎటు పోతే అటే చూస్తున్నాడు. నేను మొదటి వాల్వు అడుగున, ఒక చిన్న కాలు దగ్గర పుల్ల ఆనించాను. "ఖర్ర్... ఫట్!" తీశాను, ఆగింది. ఆనించాను, దగ్గింది. "దొరికె!" అని అత్తమ్మ, నేను ఒకేసారి అరిచాం. బాపు కూడా లేచి నిలబడి, వెంటనే తను ఎవరి పక్షమో గుర్తొచ్చినట్టు మళ్లీ కూర్చున్నాడు.

ప్లగ్గు పీకాను. మీటరు పెట్టి లోపలి కరెంటు మెల్లగా తగ్గిపోవడం చూశాం. అత్తమ్మ నాడి పట్టుకున్నట్టు మీటరు మీదే చూపు పెట్టి, ముల్లు పూర్తిగా పడుకున్నాక, "ఇప్పుడు కానియ్" అన్నది. కట్టు విప్పింది. దీపం దగ్గరగా పట్టి చూస్తే, ఆ కాలు చుట్టూ సీసపు అతుకులో వెంట్రుక లాంటి పగులు. అంతే. చల్లగా ఉన్నప్పుడు అతుక్కునే ఉంటుంది. వేడెక్కితే విచ్చుకుంటుంది. బరువు స్వరానికి పెట్టె వణికితే చిటపటలాడుతుంది. బ్యాండు మాస్టారి కాలం నుంచి ఇన్నేళ్లుగా మా సంఘాన్ని నిలబెట్టి ఆపిన దగ్గు ఆ వెంట్రుకంత పగుల్లో కాపురం ఉంది. పాత సీసం తీసి, కొత్తది పోసి, అతుకు పెట్టాను. పెట్టె మళ్లీ కాగాక అత్తమ్మ బరువు తీగ మీటి, అది దానంతటదే ఆగిపోయేదాకా వింది. దగ్గు లేదు. ఆ స్వరం చివరిదాకా అంత నిండుగా ఉంటుందని మాకెవరికీ అప్పటిదాకా తెలియదు. అత్తమ్మ పెట్టె మీద చెయ్యేసి నిమిరింది. బాపు, "రేపు పొద్దున పాటల చూస్తం గదా" అని వెళ్లిపోయాడు.

కోతపండుగ పొద్దున చర్చి ముందుభాగమంతా కూరగాయల అంగడిలా ఉంది. గుమ్మడికాయల వరుస, మక్క కంకుల గుట్ట, కాళ్లు కట్టిన కోళ్లు, చేవెళ్ల వైపు నుంచి వచ్చిన గులాబీ బుట్టలు. ఆ గుమ్మడికాయల పక్కనే, ముందుజాగ్రత్తగా, మా దగ్గుపెట్టె. వేలానికి వీలుగా ఉంటుందని బాపు అక్కడ పెట్టించాడు. తను కూడా దాని పక్కనే కాపలావాడిలా నిలబడ్డాడు. ఫాంహౌస్ సారు వెనక వరుసలో, అప్పుడే మనీప్లాంటును మనసులో నాటుకుంటూ కూర్చున్నాడు. నేను అత్తమ్మ వెనకాల నిలబడ్డాను.

కీర్తన మొదలైంది. మొదటి చరణం హాయిగా గడిచింది. రెండో చరణం మొదటి పాదం చివరికొచ్చింది. అత్తమ్మ ఆ బరువు తీగ మీటింది. స్వరం గంటలాగా మోగి, నిండుగా చర్చంతా పరుచుకుని, మెల్లగా సద్దుమణిగింది. దగ్గు లేదు. ఒక్క చిటపట లేదు. గెలిచాం అనుకున్నాను.

కానీ పాట ముందుకు పోలేదు. అలవాటు ప్రకారం అందరూ అక్కడ ఆగారు. దగ్గు అయిపోతే గదా మళ్లీ ఎత్తుకునేది? దగ్గు మొదలే కాలేదాయె. నోళ్లు సగం తెరుచుకుని, ఊపిరి బిగబట్టి, సంఘమంతా పెట్టె వైపు చూస్తోంది. అయ్యగారు మైకు దగ్గర నిలబడి, ఈసారి ఒంటరిగా పాడే తప్పు చేయనని నిశ్చయించుకున్నట్టు పెదాలు బిగించాడు. అత్తమ్మ కూడా ఇన్నేళ్ల అలవాటుకొద్దీ తీగల మీద అరచెయ్యి వేసి ఎదురుచూస్తోంది. ఒక కోడి మాత్రం కొక్కొక్కొ అన్నది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. దగ్గును పోగొట్టాలని ఇంత కష్టపడ్డాం గానీ, పోయాక పాట ఎట్లా పాడాలో మాలో ఒక్కరూ ఆలోచించలేదు. ఫాంహౌస్ సారు పాట అయిపోయిందనుకుని "ఆమెన్" అన్నాడు.

అప్పుడు మా బాపు దగ్గాడు.

పెట్టె పక్కన నిటారుగా నిలబడి, నోటికి పిడికిలి అడ్డం పెట్టుకుని, "ఖర్ర్ర్... ఖళ్... ఖళ్" అని, అచ్చం పెట్టె దగ్గినట్టే, అదే కొలతతో దగ్గాడు. చివరి "ఖళ్" పడగానే చర్చి మొత్తం ఒక్క గొంతుతో తర్వాతి పాదం ఎత్తుకుంది. అత్తమ్మ గిటారు దానితో పాటే లేచింది. అంత గట్టిగా మా సంఘం పాడడం నేనెప్పుడూ వినలేదు. అత్తమ్మ భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో వెనక నుంచి నాకు తెలియలేదు. బాపు మాత్రం ఏమీ జరగనట్టు పైకప్పు వైపు చూస్తున్నాడు.

వేలంలో పెట్టె వంతు వచ్చినప్పుడు ఫాంహౌస్ సారు చెయ్యెత్తాడు. బాపు ఆ పెట్టెను కాలితో మెల్లగా వెనక్కి జరిపి, "అది వేలానికి లేదు సార్. మంచి గుమ్మడికాయ ఉన్నది, తీస్కోండ్రి" అన్నాడు. ఆయన నిజంగానే గుమ్మడికాయ తీసుకున్నాడు. ఇంటికి వచ్చాక నేను ఉండబట్టలేక, "బాపు, నీకు నిజంగ దగ్గు వచ్చిందా?" అని అడిగాను. "ఏమో. గుమ్మడికాయల దుమ్ము" అన్నాడు. అంతకుమించి ఇప్పటిదాకా చెప్పలేదు. కానీ ఆ తర్వాత ప్రతి కోతపండుగకూ, ఆ పాదం చివర, ఆ దుమ్ము ఆయన గొంతులో పడుతూనే ఉంది.

మొన్నటి పండుగకు అత్తమ్మ గిటారు పట్టలేదు. వేళ్ల కీళ్లు వాస్తున్నాయి. "ఇగ నువ్వు వాయించు, నేను వింట" అని గిటారు నాకిచ్చి, ముందు వరుసలో కూర్చుంది. ఏళ్లుగా ఆమె దగ్గరే నేర్చుకుంటున్నా, ఆమె వాయించినట్టు నాకెన్నటికీ రాదని తెలుసు, ఆమెకూ తెలుసు, అయినా ఇచ్చింది. పెట్టె ఎప్పటిలాగే ఎర్రగా కాగి ఉంది. బాపుకు ఆ వారమంతా గొంతునొప్పి. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. రెండో చరణం, మొదటి పాదం చివర నేను బరువు తీగ మీటి, అరచెయ్యి వేశాను. అందరూ ఆగారు. బాపు నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన నిస్సహాయంగా నా వైపు చూసి, కనుబొమ్మలు ఎగరేశాడు. సంఘం చూస్తోంది. అయ్యగారు చూస్తున్నాడు.

నేను దగ్గాను.

పాట లేచింది. ఆ సందడిలోనే అత్తమ్మ ముందు వరుసలోంచి నా వైపు వంగి, "పొడి దగ్గే. ఫికర్ లేదు" అన్నది. తీగలు మీటుతూనే నాకు నవ్వొచ్చింది. మెడలో కార్డు, ఎడమచేతికి కట్టు, కుడిచేతిలో పుల్లతో, ఆ దగ్గును శాశ్వతంగా వదిలించానని మురిసిపోయిన ఆ కుర్రవాడు గుర్తొచ్చాడు. వాడు గనక ఆ పూట మా చర్చికి వచ్చుంటే, ఎక్కడో అతుకు వదులైందని తేల్చేసి, సీసం తెచ్చుకుని నా వెంట పడేవాడు.